పాత ఫ్లాటు, కలగలుపు పేట: రెండు భయాలను విడదీయాలి

చిన్న ఫ్లాటు, అదీ పాతది, అదీ రకరకాల జనం కలిసి బతికే పేటలో. కొంటానని చెప్పి చూడండి, ఇంట్లోవాళ్ల నుంచి ఆఫీసులో పక్క సీటు మనిషి దాకా వద్దనేవాళ్లే ఎక్కువ. ముందు “బిల్డింగు పాతది కదా” అంటారు. ఆ తర్వాత గొంతు తగ్గించి “చుట్టుపక్కల ఎవరుంటారో కనుక్కున్నావా” అంటారు. మొదటిది ఇంజనీరును అడగాల్సిన ప్రశ్న. రెండోది ఎవర్నీ అడగకూడని ప్రశ్న. ఈ రెండింటినీ కలిపేసి ఒకే భయంగా మోస్తున్నాం కాబట్టే, అందుబాటు ధరలో ఉన్న మంచి ఇళ్లను చేతులారా వదులుకుంటున్నాం.

డబ్బు లెక్క అందరికీ తెలిసిందే కాబట్టి క్లుప్తంగా చెబుతాను. ఏళ్లు గడిచేకొద్దీ కట్టడం విలువ తగ్గుతుంది, దాని కిందున్న భూమి విలువ పెరుగుతుంది. నాలుగైదు అంతస్తుల పాత బిల్డింగులో ఒక్కో ఫ్లాటుకు వచ్చే భూమి వాటా, అంతే స్థలంలో లేచిన ముప్పై అంతస్తుల టవరులో వచ్చే వాటా కంటే చాలా ఎక్కువ. క్లబ్‌హౌస్, పెద్ద లాబీ లాంటివి లేవు కాబట్టి కాగితం మీద రాసిన విస్తీర్ణానికీ, నిజంగా కాలు పెట్టే చోటుకీ తేడా తక్కువ. ఇల్లు చిన్నదైతే అప్పూ చిన్నదే. ఉద్యోగం పోయిన నెలలో ఈఎంఐ చూసి ఎంత టెన్షన్ పడాలో తేల్చేది ఆ అప్పు సైజే.

ఇక అసలు విషయం. పాతదనం మీద భయం, పక్కవాళ్ల మీద భయం ఎక్కడ అతుక్కున్నాయో చూడాలంటే 1930ల అమెరికాకు వెళ్లాలి. ఆర్థిక మాంద్యంలో ఇళ్ల అప్పులు తీర్చలేకపోతున్న వాళ్లను ఆదుకోవడానికి 1933లో అక్కడి ప్రభుత్వం హోమ్ ఓనర్స్ లోన్ కార్పొరేషన్ అనే సంస్థను పెట్టింది. ఆ దశకం రెండో సగంలో ఆ సంస్థ రెండు వందలకు పైగా నగరాల మ్యాపులు గీయించి ప్రతి పేటకూ ఒక గ్రేడు ఇచ్చింది. మంచి పేటకు ఆకుపచ్చ, ఆ తర్వాత నీలం, పసుపు, అన్నిటికంటే అధ్వానమైన దానికి ఎరుపు. సర్వే చేసేవాళ్లు నింపిన ఫారంలో ఇళ్ల వయసు ఎంత, మరమ్మతు ఎలా ఉంది అనే గళ్లు ఉన్నాయి. అదే కాగితం మీద నల్లజాతివాళ్లు ఉన్నారా, విదేశాల నుంచి వలస వచ్చిన కుటుంబాలు ఎన్ని, ఎవరైనా కొత్తగా ‘చొరబడుతున్నారా’ అనే గళ్లూ ఉన్నాయి. అంటే పైకప్పు కారడం, పక్కింట్లో వేరే రంగు మనిషి ఉండటం రెండూ ఒకే రకం నష్టంగా లెక్కకొచ్చాయి.

ఎరుపు పడిన పేటల్లో అప్పు పుట్టడం గగనమైపోయింది. అప్పు లేకపోతే మరమ్మతు లేదు. మరమ్మతు లేకపోతే ఇల్లు నిజంగానే పాడవుతుంది. అలా పాడైన ఇంటిని చూపించి “చూశారా, మేం చెప్పలేదూ” అన్నారు. ఇళ్ల విషయంలో ఈ వివక్షను చట్టం నిషేధించింది 1968లో. అప్పటికి ఒక తరం మొత్తం గడిచిపోయింది. మ్యాపులు పోయినా ఆ ఆలోచన మాత్రం ఊరూరా తిరుగుతూనే ఉంది. ‘మంచి లొకాలిటీ’ అని మనం వాడే మాటలో రోడ్లు, నీళ్లు ఎంత ఉన్నాయో, పక్కవాళ్ల కులం, మతం, భాష కూడా అంతే ఉన్నాయి.

కాబట్టి విడదీసి చూద్దాం. బిల్డింగు పాతదైతే చూడాల్సింది వయసు కాదు, నీళ్లు. కాంక్రీటుకు ఉండే క్షారగుణం లోపలి ఇనుప చువ్వలను తుప్పు పట్టకుండా కాపాడుతుంది. గాలిలోని కార్బన్ డయాక్సైడ్ ఏళ్ల తరబడి లోపలికి ఇంకి ఆ గుణాన్ని తగ్గిస్తుంది. దానికి చెమ్మ తోడైతే చువ్వ తుప్పు పడుతుంది. తుప్పుకు అసలు ఇనుము కంటే కొన్ని రెట్లు ఎక్కువ చోటు కావాలి, అందుకే శ్లాబు లోపలి నుంచి పగిలి పెచ్చులూడుతుంది. ఇల్లు చూడటానికి వెళ్లినప్పుడు హాల్లో కొత్త పెయింటు చూసి మురిసిపోవద్దు. బాత్రూం పైకప్పు చూడండి, పై అంతస్తు నీళ్లు మొదట దిగేది అక్కడే. గోధుమరంగు చార కనిపిస్తే వేలి కణుపుతో తట్టండి. గట్టిగా పలికితే సరే, డొల్లగా మోగితే పెచ్చు విడిపోయి ఉందన్నమాట. ట్యాంకు కింద దూలాలు, మెట్ల అడుగు భాగం, సన్‌షేడు అంచులు కూడా అలాగే చూడాలి. అనుమానం ఉంటే కాంక్రీటును పగలగొట్టకుండానే దాని పటుత్వం చూసే రీబౌండ్ హ్యామర్, అల్ట్రాసోనిక్ పరీక్షలు చేయించుకోవచ్చు. ఫ్లాటు ధర ముందు వాటి ఖర్చు ఏపాటి?

నన్నడిగితే శ్లాబు కంటే ముందు అసోసియేషన్ మినిట్స్ పుస్తకం, అంటే ఫ్లాటు ఓనర్ల సంఘం మీటింగుల్లో మరమ్మతుల గురించీ డబ్బు గురించీ ఏం మాట్లాడుకున్నారో రాసే పుస్తకం, అడిగి తీసుకుంటాను. అది ఎందుకో ఒక ఉదాహరణ చెబుతాను. అమెరికాలో ఫ్లోరిడా రాష్ట్రంలోని సర్ఫ్‌సైడ్‌లో 2021 జూన్ 24న ఒక 12 అంతస్తుల అపార్టుమెంటులో పెద్ద భాగం రాత్రికి రాత్రి కూలి 98 మంది చనిపోయారు. అది 1981లో కట్టింది, అంటే అప్పటికి 40 ఏళ్లు. స్విమ్మింగ్ పూల్ డెక్ (పూల్ చుట్టూ ఉండే శ్లాబు) డిజైన్‌లో మొదటి నుంచే లోపాలున్నాయని దర్యాప్తులో తేలింది. డెక్ కింద నీళ్లు దిగి కాంక్రీటు దెబ్బతింటోందని 2018లోనే ఇంజనీరు రాసిచ్చాడు. మరమ్మతుకు ఓనర్లంతా కలిపి కోటీ యాభై లక్షల డాలర్లు వేసుకోవాలి. ఎవరెంత, ఎప్పుడు, ఎందుకంత అంటూ వాదనలతో ఏళ్లు గడిచాయి. కూలిన రోజుకు తొలి వాయిదా గడువు ఇంకో వారంలో ఉంది. దీని తర్వాత 2022లో ఆ రాష్ట్రం మూడంతస్తులు, ఆపై అపార్టుమెంట్లకు 30 ఏళ్లు నిండితే తనిఖీ తప్పనిసరి చేసింది, మరమ్మతుల నిధి పక్కన పెట్టాల్సిందేనంది. కట్టేటప్పటి లోపం, వేసుకోవాల్సిన డబ్బు వేసుకోకపోవడం, ఇవి రెండూ ఏ వయసు బిల్డింగుకైనా ప్రాణాంతకమే.

పాత బిల్డింగులో లిఫ్టు ఉండదని, పార్కింగ్‌కు రోజూ గొడవేనని, బ్యాంకు తక్కువ ఏళ్లకే అప్పిస్తుందని అంటారు. నిజమే. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లకు మూడో అంతస్తు కొనిపెట్టమని నేనూ చెప్పను. ఇవన్నీ ధరలో తగ్గించి అడగాల్సిన విషయాలు, అంతే.

పక్కవాళ్ల సంగతి మాత్రం ధరలో తగ్గించేది కాదు, నా లెక్కలో అది కలపాల్సింది. నగరాల గురించి రాసిన రచయిత్రి జేన్ జేకబ్స్ 1961లోనే చెప్పింది, నగరం బతకాలంటే వేర్వేరు వయసుల కట్టడాలు పక్కపక్కనే ఉండాలని. పాత కట్టడంలో ఖర్చు తక్కువ కాబట్టే కొత్తగా వచ్చిన కుటుంబం, చిన్న వ్యాపారం, ఒంటరి మహిళ అక్కడ నిలదొక్కుకోగలుగుతారు. పాతవన్నీ పడగొట్టి ఒకే ధర టవర్లు లేపితే ఆ పేటలో ఒకే జీతం, ఒకే రకం మనుషులు మిగులుతారు. దీనికి ద్వేషం కూడా అక్కర్లేదు. తన చుట్టూ ఉన్నవాళ్లలో మూడో వంతు మంది తనలాంటివాళ్లయితే చాలని ప్రతి ఒక్కరూ అనుకున్నా, చివరికి పేటలు రెండుగా చీలిపోతాయని ఆర్థికవేత్త థామస్ షెల్లింగ్ 1971లో లెక్క కట్టి చూపించాడు. మెత్తటి ఇష్టాలే పోగుపడి గోడ కడతాయి.

అందుకే కలిసి ఉండటాన్ని దాని మానాన వదిలేయలేం. దేశంలో నాలుగింట మూడొంతుల మందికి పైగా ప్రభుత్వం కట్టిన ఫ్లాట్లలో ఉండే సింగపూర్, 1989 నుంచి ఒక్కో బ్లాకులో ఒక్కో జాతివాళ్లు ఇంతకు మించకూడదని పరిమితి పెట్టింది. దానివల్ల మైనారిటీలు తమ ఫ్లాటు అమ్ముకోవడానికి ఇబ్బంది పడ్డారు, ఆ పద్ధతిని మక్కీకి మక్కీ దించమని నేననను. మన దగ్గర జరిగింది దానికి పూర్తిగా తలకిందులు. ఒక హౌసింగ్ సొసైటీ తన మతంవాళ్లకే సభ్యత్వం అని బైలాలో, అంటే తన సొంత నియమాల్లో, రాసుకుంటే అది చెల్లుతుందని 2005లో సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. ఆ బాట చట్టసభలు మూసేయాలి. కులం, మతం, తిండి, పెళ్లి కాకపోవడం కారణంగా ఫ్లాటు అమ్మనని, అద్దెకివ్వనని రాసుకున్న ఏ బైలా అయినా చెల్లకూడదు. అమ్మేవాడు మినిట్స్ పుస్తకం, మెయింటెనెన్స్ బకాయిల జాబితా, ఇంజనీరు రిపోర్టు కొనేవాడి చేతిలో పెట్టాకే రిజిస్ట్రేషన్ జరగాలి. బ్యాంకులు అప్పు ఎన్నేళ్లకివ్వాలో ఆ రిపోర్టు చూసి తేల్చాలి తప్ప, కట్టిన సంవత్సరం ఒక్కటే చూసి కాదు.