రెండు ఓమ్‌ల తగువు

ములుగు రోడ్డులో ఒక ఆటో ఎలక్ట్రీషియన్ దుకాణం. నా కారు హారన్ మూగబోతే చూపిద్దామని వెళ్లి, గంటన్నర సేపు బల్ల మీద కూర్చుని ఈ వాదం విన్నాను. ఒకవైపు ఉద్యోగ విరమణ చేసిన ఫిజిక్స్ సారు. ఇంకోవైపు పరకాల బడిలో ఆయన దగ్గరే పదో తరగతి చదివిన మెకానిక్. సారు కారులో ముందు సీట్ల స్పాంజిని ఎలుకలు కొరికి పాడు చేశాయి. తుక్కుకు పోయిన అదే మోడల్ కారులోంచి తోలు సీట్లు రెండు కొని బిగింపించుకున్నారు. మర్నాటి నుంచి డాష్‌బోర్డు మీద ఎర్ర దీపం. కూర్చున్న మనిషి, అతని ముందు ఒక బుడగ. ఎయిర్‌బ్యాగ్ హెచ్చరిక అన్నమాట. అది ఆరడం లేదు.

సారు: దీపం ఆర్పు, నా పని అయిపోతుంది. బండి నడుస్తోంది, బ్రేకు పడుతోంది, ఏసీ చల్లగా ఉంది. శనగగింజంత దీపం కోసం పొద్దుటి నుంచి కూర్చోబెట్టావు.

మెకానిక్: కనపడకుండా చేయాలంటే నల్ల టేపు ముక్క చాలు సార్. ఎందుకు వెలిగిందో తెలియాలి కదా.

సారు: నేను తెలుసుకోకుండా వచ్చానా? కారు రాసుకున్న తప్పుల కోడ్‌లు చదివే స్కానర్‌ను ఎనిమిది వందలు పోసి తెప్పించాను. పెట్టి చూస్తే తప్పేమీ లేదంది.

మెకానిక్: అది ఇంజిన్ సంగతి మాత్రమే చెబుతుంది సార్. పీ అక్షరంతో మొదలయ్యే కోడ్‌లే దానికి తెలుసు. ఎయిర్‌బ్యాగ్ కోడ్‌లు బీ అక్షరంతో మొదలవుతాయి. వాటిని చదివే స్కానర్ వేరు. తెలుగు సారుకు లెక్కల పేపరు ఇచ్చి దిద్దమంటే ఏం దిద్దుతారు?

(సారుకు నవ్వు వచ్చింది కానీ ఆపుకున్నారు. మెకానిక్ తన స్కానర్ తెర చూపించాడు. కుడి సీటు, ఎడమ సీటు, రెండింటి పక్క ఎయిర్‌బ్యాగ్ సర్క్యూట్లలోనూ నిరోధం హద్దు దాటిందని ఉంది.)

సారు: ఇది నాకు అర్థమైంది. సీట్లు మార్చిన కుర్రాడు పాతవి తీసి బయట పెట్టి, పాటల కోసం తాళం తిప్పాడు. ప్లగ్గులు ఊడి ఉన్నప్పుడు తాళం తిప్పితే కంప్యూటర్ తప్పు రాసుకుంటుంది, మళ్లీ పెట్టినా దానంతట అది చెరపదు. నువ్వు చెరిపేయి.

మెకానిక్: అలా జరిగే మాట నిజమే. అందుకే ముందు బ్యాటరీ నెగటివ్ తీసి, కొన్ని నిమిషాలు ఆగి, అప్పుడు ప్లగ్గు మీద చేయి వేయాలి. గుద్దుకున్నప్పుడు బ్యాటరీ తీగ తెగినా బ్యాగు తెరుచుకోవాలని ఆ కంప్యూటర్‌లో కెపాసిటర్ కొంత కరెంటు దాచుకుంటుంది. ఎన్ని నిమిషాలు ఆగాలో బండి పుస్తకంలోనే ఉంటుంది. సరే, మీ మాట ప్రకారమే చెరుపుతున్నాను.

(చెరిపి తాళం తిప్పాడు. దీపం వెలిగి ఆరేడు సెకన్లకు ఆరిపోయింది. సారు నావైపు గెలిచినట్టు చూశారు. నేను తలూపేలోపే అది మళ్లీ వెలిగింది.)

మెకానిక్ నా చేతికి టార్చి ఇచ్చి సీటు కింద పట్టమన్నాడు. కార్పెట్ చిరుగులోంచి పసుపు రంగు ప్లగ్గు ఒకటి తల బయటపెట్టి ఉంది. ఎవరో దానికి నల్ల టేపు నాలుగు చుట్లు చుట్టి, ప్లాస్టిక్ దారంతో సీటు పట్టాకు కట్టేశారు. సీటు ముందుకూ వెనక్కూ జరిగినప్పుడల్లా తీగ ఒరుసుకుని, ఒకచోట పై తొడుగు నలిగిపోయింది. పక్కనే ఎలుకలు వదిలిపోయిన స్పాంజి పొట్టు.

మెకానిక్: పసుపు ప్లగ్గంటే ఎయిర్‌బ్యాగ్ ప్లగ్గు సార్. మీ కారు పై రకం, సీటు వీపు అంచులో బ్యాగు ఉంటుంది. మీరు కొన్న సీట్లు కింది రకానివి, వాటిలో బ్యాగే లేదు. ఇక ప్లగ్గు దేనికి పెట్టాలి? నాలుగు బోల్టులూ సరిపోయాయి కాబట్టి అమ్మినవాడు సీటు సరిపోయిందన్నాడు.

సారు: సరే, బ్యాగు లేదు. లేకపోతే కొంప మునిగిందా? మన దేశంలో డ్రైవర్‌కు ఎయిర్‌బ్యాగ్ తప్పనిసరి చేసింది 2019 జూలై 1న. పక్కన కూర్చునేవారికి, అప్పటికే అమ్ముతున్న మోడళ్లలో, 2021 డిసెంబరు 31 నుంచి. ఆరు ఎయిర్‌బ్యాగ్‌లు ఉండాలని 2022లో ముసాయిదా తెచ్చారు, తర్వాత వదిలేశారు. అంబాసిడర్‌లో ఎనిమిది మందిని ఎక్కించుకుని మేడారం జాతరకు పోయి వచ్చినవాణ్ని నేను.

మెకానిక్: అంబాసిడర్‌లో బ్యాగు కోసం వెతికే కంప్యూటర్ లేదు సార్. ఇందులో ఉంది, అది తాళం తిప్పినప్పుడల్లా వెతుకుతుంది.

సారు: వెతకవద్దని చెప్పు మరి.

మెకానిక్: కొన్ని బండ్లలో కంపెనీ కంప్యూటర్ పెట్టి అలా రాయవచ్చు, అన్నింటిలో కుదరదు.

సారు: అయితే నా దారికి రా. బ్యాగు లోపల దాన్ని పేల్చేది ఒక సన్న తీగ. నిరోధం ఎంత?

మెకానిక్: రెండు ఓమ్‌ల అటూ ఇటూ. బ్యాగు మీద మామూలు మీటరు పెట్టి మాత్రం ఎప్పుడూ కొలవకూడదు, మీటరు పంపే కరెంటుకే పేలే ప్రమాదం ఉంది.

సారు: కంప్యూటర్‌కు కావలసింది ఆ రెండు ఓమ్‌లే కదా? అయిదు రూపాయల నిరోధకం తెచ్చి ప్లగ్గులో పెట్టు.

మెకానిక్: పెడితే దీపం ఆరుతుంది. ఈ రోడ్డులోనే పెట్టేవాళ్లున్నారు. నేను పెట్టను.

సారు: కారణం?

మెకానిక్: పదో తరగతి అర్ధ సంవత్సరం పరీక్షలో ముందు బెంచీవాడిది చూసి రాశానని నాకు సున్నా వేశారు. జవాబు సరిగ్గానే ఉంది కదా సార్ అన్నాను. అంకె ఉంది, లెక్క ఎక్కడుందిరా అన్నారు. ఇప్పుడు మీరే చూచిరాత రాయమంటున్నారు.

(సారు అద్దాలు తీసి తుడుచుకున్నారు. పని అయిపోయిందనుకున్నాను. పొరపాటు.)

సారు: బాగా గుర్తుపెట్టుకున్నావు. ఒక్క ప్రశ్న. ఈ దీపం వెలుగుతూ ఉంటే స్టీరింగ్‌లో బ్యాగు తెరుచుకుంటుందా?

మెకానిక్: నమ్మకం లేదు సార్. ఒకచోట తప్పు కనపడితే మొత్తం వ్యవస్థ ఆగిపోయే బండ్లు ఉన్నాయి.

సారు: చూశావా! నీ నిజాయితీతో నాకు ఉన్న బ్యాగులు కూడా పోయాయి. నా అయిదు రూపాయల అబద్ధంతో ముందు బ్యాగులు రెండూ దక్కుతాయి. ఏది క్షేమమో చెప్పు బిడ్డా.

(గట్టి దెబ్బ. నేనైతే ఒప్పుకునేవాణ్ని. మెకానిక్ చేతులకు నూనె లేకపోయినా గుడ్డతో తుడుచుకుంటూ ఉండిపోయాడు.)

మెకానిక్: మీ లెక్క తప్పని అనను. కానీ రెండు దారులే ఉన్నట్టు వేశారు. ముందు నుంచి గుద్దితే మధ్యలో ఇంజిన్ ఉంది, బానెట్ ఉంది. పక్క నుంచి లారీ వస్తే మధ్యలో జానెడు తలుపు. అందుకే పక్క బ్యాగు ముందుదానికంటే త్వరగా తెరుచుకోవాలి. అది లేకుండా ఉన్నట్టు చూపిస్తే, రేపు మీ బండి కొన్నవాడు దీపం ఆరిందని చూసి పిల్లలను ఎక్కించుకుంటాడు. మీకు తెలుసు, అతనికి తెలియదు. బ్యాగు ఉన్న సీటే పెడదాం.

సారు: అలాంటి సీట్లు ఎంతకు దొరుకుతాయో! అయినా ఆ పాత సీట్లకు నేను బిగుతుగా కవర్లు కుట్టించాను. బ్యాగు ఉన్నా వాటిని చింపుకుని వచ్చేది కాదేమో.

మెకానిక్: ఆ కుట్టు వేరే సార్, బ్యాగు ఉన్నచోట తేలికగా విడిపోయేలా వేయాలి. అది తర్వాత చూద్దాం. పాత సీట్లు తుక్కువాడికి వేశారా?

సారు: ఎందుకు వేస్తాను? ఇనుము గట్టిగా ఉంది. కింద చెక్క పలకలు కొట్టించి, హనుమకొండ ఇంట్లో వరండాలో సోఫాలా వేసుకున్నాం.

మెకానిక్: అయితే బ్యాగులు మీ ఇంట్లోనే ఉన్నాయి! స్పాంజి కొత్తది వేయించి వాటినే తిరిగి బిగిద్దాం. మూడో దారి అదే.

సారు: స్పాంజి ఖర్చుతో పోయేదానికి నేను తుక్కు సీట్లు కొన్నానన్నమాట. సరే, ఆ పోయిన డబ్బు సంగతి ఇంట్లో చెప్పకు.

మెకానిక్: సోఫాకు పసుపు ప్లగ్గు వేలాడుతోందా?

సారు: రెండింటికీ ఉంది. మనవడికి అదే ఆట. ఇందులోకి కరెంటు పోతుందా తాతా అని అడిగాడు. నిన్న టార్చి సెల్లులు రెండు, తీగ ముక్క పట్టుకుని తిరుగుతుంటే, సైన్సు మీద ఇష్టం కుదిరింది కదా అని ఊరుకున్నాను.

(మెకానిక్ చేతిలో గుడ్డ బల్ల మీద పెట్టాడు.)

మెకానిక్: ఊడదీసిన ప్లగ్గులో రెండు కాళ్లనూ కలిపి ఉంచే చిన్న రేకు ఉంటుంది సార్, పొరపాటున పేలకుండా. పిల్లవాడు గెలికి అది పక్కకు జరిగిందంటే... ఆ బ్యాగు తెరుచుకోవడానికి 1.2 ఆంపియర్ చాలు, అదీ సెకనులో అయిదు వందలో వంతు సేపు. రెండు సెల్లులంటే ఎన్ని వోల్టులు?

సారు: మూడు.

మెకానిక్: నిరోధం రెండు ఓమ్‌లు.

(సారు పెదవులు కదిలాయి. మూడును రెండుతో భాగించడానికి ఆయనకు అంత సేపు పట్టడం బహుశా ఇదే మొదటిసారి. జేబులోంచి ఫోను తీశారు.)

సారు: ఆ... నేనే. వాడు ఎక్కడున్నాడు? వరండాలోనా? లోపలికి పిలువు. ఎందుకో తర్వాత చెబుతాను, ముందు పిలువు.