పెండింగ్ గారికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ పెండింగ్ గారికి,

నమస్కారాలు. నిన్న మధ్యాహ్నం తమరి దర్శనం అయింది. అమ్మ వితంతు పింఛను దరఖాస్తు ఏమైందో కనుక్కుందామని పోతే, ముందు లంచ్ టైం అన్నారు, తర్వాత సర్వర్ అన్నారు. చివరికి ఆపరేటర్ తమ్ముడు స్క్రీన్ మా వైపు తిప్పి తమరిని చూపించాడు.

"పెండింగ్ల ఉందమ్మా."

"ఎవరి దగ్గర ఉంది బిడ్డా?"

"ఎవరి దగ్గర లేదమ్మా, పెండింగ్ల ఉంది."

అమ్మకు తమరొక ఊరయ్యారు. దేవరకొండకూ కొండమల్లేపల్లికీ మధ్య ఎక్కడో స్టేజీ ఉన్నట్టు, ఆటో దొరికితే పోయి కాగితం తెచ్చుకుందామంది.

తమరి వంశం చిన్నదేం కాదు లెండి. లాటిన్‌లో వేలాడటం అనే మాటకు పుట్టి, ఫ్రెంచిలో 'ఆ లోపల' అనే అర్థం తెచ్చుకుని, 17వ శతాబ్దంలో ఇంగ్లీషులో కాలు పెట్టారు. అక్కడ తమరు ఒంటరిగా తిరిగేది తక్కువ. విచారణ ముగిసేదాకా, తీర్పు వచ్చేదాకా అని దేనికోసం ఆగారో పక్కనే చెప్పేవాళ్లు. మా దగ్గరికి వచ్చేసరికి ఆ పక్కమాట ఊడిపోయింది. ఏది తేలేదాకా? అడిగితే ఆపరేటర్ మొహం చిట్లిస్తాడు.

ఇంకోటి. రోమన్లు లోహాన్ని త్రాసుకు వేలాడదీసి, తూచి చెల్లించిన కాలం ఒకటుంది. అందుకే ఆ ధాతువుకే చెల్లించడం అనే అర్థమూ అంటుకుంది. పెన్షన్ పుట్టింది అందులోంచే. పిల్లల స్టైపెండూ అంతే. అంటే తమరూ పెన్షనూ దగ్గరి చుట్టాలు! నెలకు 2,016 రూపాయల దగ్గర కూడా తమరికి చుట్టరికం గుర్తురాలేదు.

కోర్టుల్లో తమరి హోదా వేరు. భూమి మీద దావా నడుస్తుండగా అమ్మినా కొన్నా తీర్పుకు లోబడాల్సిందేనని 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 52వ సెక్షన్ చెబుతుంది. ఆ సూత్రం లాటిన్ పేరు 'లిస్ పెండెన్స్'లోనూ తమరే ఉన్నారు. పాలమూరు-రంగారెడ్డి ఎత్తిపోతలకు 2015లో కరివెన దగ్గర శంకుస్థాపన జరిగింది. పిల్లకాలువల సంగతి అడిగితే అక్కడా తమరే ఎదురొస్తారు. 2025లో కూలి మనుషుల ప్రాణాలు తీసిన శ్రీశైలం ఎడమగట్టు సొరంగం గురించి ఇక్కడ నవ్వుతూ రాయలేను, వదిలేస్తున్నా.

నాకు అర్థం కానిది ఒక్కటే. నా బండి మీద చలానా పెండింగ్ అంటే వెంటనే కట్టు అని. ఫీజు రీయింబర్స్‌మెంట్ పెండింగ్ అంటే నోరు మూసుకుని ఆగు అని. బాకీ ఎవరిదో చూసి అర్థం మార్చుకునే ఈ విద్య లాటిన్‌లో నేర్చుకున్నారా, మండలాల్లో నేర్చుకున్నారా?

ఇక తమరు గిమరు లేదు. నీతోనే చెబుతున్నా విను.

తిరస్కరించాం అని రాస్తే కారణం రాయాలి, కింద ఎవరో ఒకరు సంతకం పెట్టాలి. మంజూరు అని రాస్తే డబ్బులు వేయాలి. నిన్ను రాస్తే ఆ రెండు బాధలూ ఉండవు. ఎవరూ కాదనలేదు, ఎవరూ ఆపలేదు, ఫైలు దానంతట అదే ఆగింది. ఎవడో ఒకడు కుర్చీలో కూర్చుని ఆపితేనే ఆగుతుంది గదా! వాడి పేరు కనబడకుండా అడ్డం నిలబడటానికే నిన్ను పెట్టుకున్నారు. మా అమ్మ అడిగిన మొదటి ప్రశ్నే సరైన ప్రశ్న: ఎవరి దగ్గర ఉంది?

అదే ప్రశ్న ఈరోజు పొద్దున సమాచార హక్కు చట్టం కింద రాసి ఇచ్చా. ఏ అధికారి దగ్గర, ఏ తేదీ నుంచి, ఏ కారణంతో అని. 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. ఆ జవాబులో పేరుకు బదులు మళ్లీ నువ్వే వస్తే అప్పీలుకు పోతా. కాగితం సిద్ధంగానే ఉంది.

ఇట్లు,
దేవరకొండ వైపు మనిషి