ఒకటే సెంటు సీసా, మా ఇంట్ల ఆరు ముక్కులు

"ఇది లిల్లి పూల దండ వాసన గద బిడ్డా, పీనుగ మీద ఏస్తరు సూడు, గది" అన్నది మా మేనత్త. మణికట్టు ముక్కు దగ్గరికి తీసుకపోయింది, ఒక్కసారి పీల్చింది, చెయ్యి కొంగుకు తుడుచుకున్నది, అంతే. తొంభై డాలర్ల సీసా అది. మిషిగన్ల మాల్‌కు పోయి అరగంట నిలబడి, కాగితం పట్టీల మీద కొట్టిచ్చుకొని వాసన చూసి చూసి, ఇదైతే ఎవ్వలకైన నచ్చుతది అని ఏరి తెచ్చిన. నేను తెలివితక్కువదాన్ని, ఊకోకుండ "లేదత్తా, ఇది ఫ్రాన్స్‌ది, మస్తు కాస్ట్లీ" అని ఇంకా చెప్పవట్టిన. మా మామయ్య పోయి అప్పటికి రెండేండ్లు కూడ కాలే. ఆ దండలు నేను ఇక్కడ నుంచి వీడియో కాల్ల చూసిన, ఆమె పక్కన కూసోని పొద్దుందాక ఆ వాసన పీల్చింది.

సంచికకు ఏమన్న రాయి అక్కా అని ఎడిటర్ తమ్ముడు అడిగితే వేరే ఏదో రాద్దామనుకున్న గని, ఈ సీసా ముచ్చట నా మనసుల నుంచి పోతలేదు, అందుకే ఇదే రాస్తున్న.

ముందు ఆ పువ్వు సంగతి. మనం లిల్లి అనేది అసలు లిల్లి కాదు, ట్యూబ్‌రోజ్, పుస్తకాల్ల నేలసంపెంగ అని రాస్తరు, హిందీల రజనీగంధ. నల్లగొండల పూలమ్మే ఆమెను నేలసంపెంగ ఇయ్యమ్మా అంటే మన మొకం చూస్తది, లిల్లి అనాలె. ఈ మొక్క పుట్టింది మెక్సికోల. మన దిక్కు వచ్చి పెండ్లి దండ అయింది, లీడర్ల మెడల దండ అయింది, ఆఖరికి పాడె మీద కూడ అదే. పెర్ఫ్యూమ్ లోకంలనేమో ఇది మహారాణి. 1948ల జెర్మెయిన్ సెల్లియే అనే ఆమె, ఆ కాలంల సెంట్లు చేసే పనిల ఆడోళ్ళు శాన తక్కువ, రోబేర్ పిగే కంపెనీకి ఫ్రాకా అని ఒక సెంటు చేసింది, ఇప్పటికీ ట్యూబ్‌రోజ్ సెంటు అంటే దాన్నే పెట్టి పోలుస్తరు. అక్కడ ఆ వాసనకు అర్థం పట్టు గౌను, రాత్రి పార్టీ, జర చిలిపితనం. అదే వాసన మా అత్తకు ఇంటి ముంగట వేసిన టెంటు, ప్లాస్టిక్ కుర్చీలు, ఐస్ పెట్టె. ఇద్దరిల ఎవ్వరి ముక్కు తప్పు? నన్నడిగితే ఎవ్వరిదీ కాదు. కాగితం పట్టీ మీద చూసి ఇది అందరికి బాగుంటది అని తీర్పు ఇచ్చిన నాదే తప్పు.

ఇంకో సంగతి, ఆ పువ్వుల మిథైల్ సాలిసిలేట్ అనేది ఉంటది, నొప్పుల బామ్‌ల ఉండే వాసన అదే. అందుకే ఇట్లాంటి సెంటు కొట్టంగనె కొందరికి మోకాళ్ళ బామ్ యాదికొస్తది. ఇది మొరటు ముక్కు కాదు, కరెక్ట్‌గ పట్టిన ముక్కు.

మా అమ్మ సంగతి వేరే. కొట్టిన రెండు నిమిషాలకే "బత్తాయి తొక్క ఒలిచినట్టున్నదే" అన్నది. నాకు నవ్వొచ్చింది గని తర్వాత ఆలోచిస్తే నూటికి నూరు కరెక్ట్. ఆ సీసాల పైన ఉండే వాసన, అంటే కొట్టంగనె ముందు తగిలేది, బెర్గమాట్, ఇటలీల కలాబ్రియా దిక్కు పండే ఒక నిమ్మజాతి కాయ, దాని తొక్క నూనె. బత్తాయికి అది చుట్టమే. నల్లగొండ జిల్లాల పుట్టినోళ్ళకు బత్తాయి తోట గురించి ఇంకొకళ్ళు చెప్పాల్నా, మా తాత తోట పూత మీదున్నప్పుడు పొద్దుగాల బాయికాడికి పోతుంటే ఆ వాసన దారిలనే ఎదురొచ్చేది. అమ్మ పొంగిపోయింది, ఇంకోసారి కొట్టుమన్నది. పావుగంటకు మళ్ల చేయి చూసుకొని "ఏదే, పాయె! ఇప్పుడు వాడిపోయిన మల్లెపూలోలె వస్తుంది" అని మొకం మాడ్చింది. ఇదీ కరెక్టే. నిమ్మ, బత్తాయి జాతి వాసనలు తేలిక, గబగబ ఎగిరిపోతయి. తర్వాత పూలు, ఆఖర్న వెనీలా, గంధం, కస్తూరి లాంటి బరువైనవి. మల్లెల ఇండోల్ అనే పదార్థం ఉంటది, జరంత ఉంటే పువ్వుకు ప్రాణం, ఎక్కువైతే కలరా ఉండల వాసన, ఇంకా ఎక్కువైతే చెప్పొద్దు. రాత్రి జడల పెట్టుకున్న మల్లెలు తెల్లారి దిండు మీద ఎట్లుంటయో అమ్మకు తెలుసు, ఫ్రాన్స్‌ల చేసినా ఆమెను మోసం చేయలేరు.

మా వదినె మీద మాత్రం అదే సెంటు ఐస్‌క్రీం అయింది. నిజంగ. ఆమెది జిడ్డు చర్మం, ఎప్పుడూ దాని మీద బాధపడుతది గని సెంటుకు మాత్రం అదృష్టం, నూనె ఉన్న చర్మం వాసనను పట్టుకొని ఉంటది. సాయంత్రం కొట్టుకుంటే తెల్లారి టిఫిన్ల దాక వెనీలా. నాది మిషిగన్ హీటర్ గాలికి ఎండిపోయిన చర్మం, బెరడోలె, నా మీద మూడు గంటలైతే ఎక్కువ. అందుకే నాకు ఆ సెంటు తేలికగ, ఉతికిన దుప్పటోలె అనిపించింది, వదినె మీద అదే మిఠాయి దుకాణం. (ఒక మాట: వదినె గద్వాల చీర మీద కొట్టబోతే నేనే ఆపిన. సెంటుల ఎక్కువ ఉండేది ఆల్కహాల్, పట్టు మీద మచ్చ పడుతది. ముత్యాలకు కూడ మంచిది కాదు. ముందు సెంటు, అది ఆరినంక చీర, నగలు.)

పాలమూరు దిక్కు మా అత్తగారిది, జడ్చర్ల దగ్గర. ఆమె వాసన చూసి కండ్లు మూసుకొని "సాంబ్రాణి" అన్నది. తలకు పోసుకున్నంక బుట్ట కింద సాంబ్రాణి పొగ పెట్టుకొని జుట్టు ఆరబెట్టుకునే రోజులు చెప్పవట్టె, అరగంట. ఇదేం ఊహ కాదు, తియ్యగ, వెచ్చగ ఉండే సెంట్లల్ల అడుగున సాంబ్రాణి బంక వాడుడు పాత పద్ధతే. 1925ల వచ్చిన షాలిమార్ అనే ఫ్రెంచ్ సెంటు, దాని పేరే మన మొగల్ తోటలది, పైన బెర్గమాట్, కింద వెనీలా, చెట్టు బంకల వాసనలు. అంటే మా అత్తగారి పొగ బుట్టను వాళ్ళు సీసాల పోసి మనకే అమ్మిండ్రు అన్నమాట.

ఆరో ముక్కు మా చిన్నమ్మ బిడ్డది, హాస్టల్ల ఉండి డిగ్రీ చదువుతది. మొదటి పది నిమిషాలు బాగుందన్నది, తర్వాత "అక్కా, ఏం వస్తలేదు, నీళ్ళు కలిపిండ్రేమో" అన్నది. పక్కన కూసున్న మాకందరికి గుప్పుమంటుంది! నేను ఫస్ట్ జలుబేమో అనుకున్న. గని ఇది కూడ ఉంటదట, కొందరికి కొన్ని రకాల కృత్రిమ కస్తూరి వాసన అస్సలే తెల్వదు, మిగతావన్ని మంచిగనే తెలుస్తయి. గలాక్సొలైడ్ అని ఒకటి, బట్టల సబ్బు పొడులల్ల కూడ వేస్తరు, దాన్ని పట్టలేని ముక్కులు చాలా ఉంటయి.

దీని వెనక సైన్స్ జర చెప్తా. లిండా బక్, రిచర్డ్ ఆక్సెల్ అనే ఇద్దరు 1991ల ముక్కుల వాసన పట్టే రిసెప్టర్ల జీన్లు కనిపెట్టిండ్రు, 2004ల నోబెల్ వచ్చింది. మనుషులల్ల పనిచేసేవి సుమారు 400 రకాలు ఉంటయి, అందుల నాకున్నవి అచ్చంగ నీకున్నట్టే ఉండవు. వయొలెట్ పువ్వు వాసనిచ్చే బీటా అయొనోన్ అనే దాన్ని ఒక్క జీన్ తేడా వల్ల కొందరు కమ్మటి పూల వాసన అంటరు, కొందరు పులిసిన వాసన అంటరు. కొత్తిమీర సబ్బు వాసన కొడుతది అనే తెల్లోళ్ళు మీ ఆఫీసుల కూడ ఉంటరు గద, వాళ్ళు వేషాలు వేస్తలేరు పాపం, అది కూడ కొంత జీన్ల పనే.

ఇగ ఎండ. నాకు అస్సలే తట్టని సంగతి ఇది. నేను సెంటు కొన్నది ఫిబ్రవరిల, బయట మంచు, ఒంటి మీద మూడు పొరల బట్టలు, ఆ చలికి వాసన మెల్లగ, సిగ్గుపడుకుంట బయటికొస్తది. దాన్ని తీసుకపోయి నల్లగొండల మే నెల 44 డిగ్రీల ఎండల, కరెంటు పోయిన ఇంట్ల, కూలర్ ఆగిపోయినప్పుడు కొట్టుకున్నం. ఒక్కసారే అంత ఎగిరింది, వెనీలా పాకం పట్టినట్టు గొంతుకు అడ్డం పడ్డది. నాకే తల నొచ్చింది. ఇందుల సెంటుది ఏం తప్పు లేదు, మే నెలల ఉన్ని స్వెటర్ తొడిగిచ్చి ఉక్కపోస్తుందేంది అంటే ఏం చెప్తం. మన పెద్దలు ఎండకాలంల వట్టివేర్లు, గంధం, పన్నీరు ఎందుకు వాడిండ్రో నాకు నలభై ఏండ్లకు అర్థమైంది.

నేను చెప్పదలుచుకున్నది ఇదీ. మనం అమెరికా నుంచి పోయేటప్పుడు డ్యూటీ ఫ్రీల నాలుగు సీసాలు కొని, అందరికి ఒకటే రకం పంచి, వాళ్ళు మొకం మాడిస్తే "వీళ్ళకు క్వాలిటీ తెల్వదు" అని కార్ల కూసున్నంక మాట్లాడుకుంటం. మాట్లాడుకుంటం, నేను మాట్లాడిన. ఖరీదు ఎక్కువ ఉంటే వాసన కూడ గొప్పగ ఉండాలె, నచ్చకపోతే నచ్చనోళ్ళది లోటు, ఇదీ మన లెక్క. అదే మా అమ్మ ఇక్కడికొచ్చి ఇంట్ల సాంబ్రాణి పొగ వేస్తే స్మోక్ అలారం కొడుతదని, పక్కింటోళ్ళు ఏమనుకుంటరో అని ఆపిచ్చిన మొదటిదాన్ని నేనే. పోపు వాసన కోటుకు పట్టిందని దాని మీద సెంటు కొట్టుకొని ఆఫీసుకు పోయేదాన్ని కూడ నేనే, మీరూ చేసే ఉంటరు, అబద్ధం చెప్పకుండ్రి. ఆవాలు, ఇంగువ, వెనీలా కలిసి లిఫ్ట్‌ల వచ్చే వాసనకు ఏ ఫ్రెంచోడు పేరు పెట్టలేడు. నా కొలీగ్ ఒకామె ఇరవై ఎనిమిది డాలర్లు పెట్టి బెంజోయిన్ క్యాండిల్ కొన్నది, వాసన చూడు ఎంత పీస్‌ఫుల్ అన్నది. బెంజోయిన్ అంటే సాంబ్రాణే. నేను అవును అని తల ఊపిన, ఇంటికొచ్చి అమ్మకు ఫోన్ చేసి చెప్తే ఆమె నవ్విన నవ్వు ఉన్నది చూడు.

ఇంకా ఈ స్టార్లు, రేటింగ్లు నమ్ముడు కూడ నేను బంద్ చేసిన. 1992ల వచ్చిన ఏంజెల్ అనే సెంటు చూడుండ్రి, చక్కెర పాకం వాసన, పచౌలి అనే ఆకు నూనె కలిపి చేసిండ్రు, కొందరికి అది ప్రాణం, కొందరు దాని వాసనొస్తే రూంల నుంచి లేచిపోతరు. దానికి ఎన్ని స్టార్లు వేస్తవు? నీ మీద ఎట్లున్నది, నీ ఊరి ఎండల ఎట్లున్నది, అది ఒక్కటే రేటింగ్. అందుకే ఈమధ్య నేను పెద్ద సీసాలు కొంటలేను, రెండేసి మిల్లీలీటర్ల శాంపిల్ సీసాలు నాలుగు రకాలు తీసుకపోతున్న, వాళ్ళ చర్మం మీద వాళ్ళనే కొట్టుకోనిచ్చి ఒక పూట ఆగి అడుగుతున్న. నచ్చింది దొరికితే తర్వాత పంపుడు ఎంత పని. చూసేటోళ్ళకు పిసినారితనం లెక్క కనపడుతది, కనపడనియ్యి.

ఆ తొంభై డాలర్ల సీసా ఆఖరికి చిన్నమ్మ బిడ్డకే పోయింది, వాసన తెల్వని పిల్లకే. నెల కింద మెసేజ్ పెట్టింది, "అక్కా అయిపోవచ్చింది, ఇంకోటి పంపుతవా, నాకైతే ఏం తెల్వది గని హాస్టల్ల అందరు ఏం సెంటు ఏం సెంటు అని ఎంటపడుతున్నరు" అని.

మా మేనత్త సంగతి అక్కడ ఆగలే. నేను తిరిగొచ్చే వారం ముందు, ఎవ్వలు లేనప్పుడు, మెల్లగ అడిగింది, "మల్లె వాసనది ఏమన్న ఉంటదా బిడ్డా?" అని. నాకు అప్పుడు తట్టింది, మామయ్య పోయినప్పటి నుంచి ఆమె జడల పువ్వు లేదు. పెట్టుకోవద్దని ఎవ్వలు గట్టిగ చెప్పలే, చెప్పే అవసరం కూడ రాలే, మన ఊర్లల్ల అది ఎట్ల నడుస్తదో మీకు ఎరికే. పువ్వు మీద అందరి కన్ను ఉంటది, సెంటు మీద ఏ కట్టుబాటూ రాసిపెట్టలే, అది కండ్లకు కనపడదు గద. హైదరాబాద్ పోయినప్పుడు చార్మినార్ దగ్గర ఒక పాత అత్తరు దుకాణంల మోతియా, అంటే మల్లె అత్తరు, వేలంత సీసాల పోయించుకొచ్చిన. గంధం నూనె మీద పట్టిన అత్తరు అట, ఆల్కహాల్ ఉండదు, గుప్పున లేవదు, దగ్గరికొస్తే తప్ప తెల్వదు. అత్త సీసా పుల్ల తీసి చెవి ఎనకాల ఇంత రాసుకున్నది, కొంగు సర్దుకున్నది, శానసేపు ఏం మాట్లాడలే.

"ఇది ఎన్ని డాలర్లే?" అన్నది తర్వాత.

"డాలర్లు కాదత్తా, రెండు వందల యాభై రూపాయలు."

"గంతేనా! మరి ఆ పీనుగ దండ ఎందుకు మోసుకొచ్చినవే అంత దూరం నుంచి?"