డబ్బా మీద రాయని మాట

జన్యుమార్పిడి విత్తనాలు, కలుపు మందులు అమ్మిన అమెరికా సంస్థ మోన్‌శాంటో పేరు 2018లోనే బోర్డుల మీద నుంచి దిగిపోయింది. ఆ ఏడాది సుమారు 6,300 కోట్ల డాలర్లకు దానిని కొన్న జర్మనీ సంస్థ బేయర్, అప్రతిష్ఠ మూటగట్టుకున్న ఆ పేరును వదిలించుకుంది. అయినా మోన్‌శాంటోతో సంబంధమున్న ఆహార బ్రాండ్లంటూ అమెరికాలో పుట్టిన బహిష్కరణ జాబితాలు మాత్రం చెలామణిలోనే ఉన్నాయి. వియత్నాం యుద్ధానికి చెట్ల ఆకులు రాల్చే విషరసాయనం ఏజెంట్ ఆరెంజ్ సరఫరా చేసి, 1974 నుంచి గ్లైఫోసేట్ కలుపు మందును రౌండప్ పేరిట అమ్మిన సంస్థకు తమ డబ్బు చేరకూడదనుకోవడం కొనుగోలుదారుల హక్కు. దానిని మేము తప్పుపట్టడం లేదు. అయితే ఆ 'సంబంధం' ఎలాంటిదో జాబితాలు చెప్పవు.

నిజానికి ఆ బ్రాండ్లు మోన్‌శాంటోవి కావు. వాటిలో చాలావాటిని కలిపే దారం 2012లో కాలిఫోర్నియా ఓటర్ల ముందుకు వచ్చిన 37వ ప్రతిపాదన. జన్యుమార్పిడి పదార్థాలు ఉంటే ఆ సంగతి లేబుల్ మీద చెప్పాలన్న ఆ ప్రతిపాదనను ఓడించడానికి మోన్‌శాంటో ఒక్కటే 80 లక్షల డాలర్లకు పైగా వెచ్చించగా, పెప్సికో, కోకాకోలా, కెల్లాగ్, జనరల్ మిల్స్ కూడా లక్షల డాలర్లు గుమ్మరించాయి. 48 శాతానికి పైగా ఓట్లు వచ్చినా ప్రతిపాదన వీగిపోయింది. సహజమనో, సేంద్రియమనో నమ్మి కాషీ, కాస్కేడియన్ ఫార్మ్ బ్రాండ్ల సరుకులు కొన్నవారికి అప్పుడు తెలిసివచ్చింది, వాటి యజమానులు కెల్లాగ్, జనరల్ మిల్సేనని. తమ సొమ్ముతో తమ నోరే నొక్కారన్న వారి ఆగ్రహం న్యాయమైనదే.

2016లో దేశమంతటికీ వర్తించే ఫెడరల్ చట్టం వచ్చి 2022 నుంచి లేబుల్ తప్పనిసరి అయినా, అందులో సందులు వదిలారు. అక్షరాలకు బదులు ఫోన్‌తో స్కాన్ చేసే గుర్తు ముద్రించవచ్చన్నారు. శుద్ధి చేసిన నూనెలో, చక్కెరలో మారిన జన్యువు జాడ దొరక్కపోతే అసలు చెప్పనక్కర్లేదన్నారు. ఓట్స్ డబ్బా సంగతి మరీ విచిత్రం. జన్యుమార్పిడి ఓట్స్ మార్కెట్లోనే లేవు కనుక ఆ లేబుల్‌కు అక్కడ పని లేదు. కానీ పైరు ఒకేసారి ఎండేందుకు కోతకు ముందు కొందరు రైతులు గ్లైఫోసేట్ చల్లుతారు, ఆ మాట డబ్బా మీద ఎక్కడా ఉండదు.

దీనికి భయాన్ని జోడించి ప్రచారం చేయడం మాత్రం మాకు సమ్మతం కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం 2015లో గ్లైఫోసేట్‌ను మనుషులకు క్యాన్సర్ కలిగించే అవకాశమున్న పదార్థాల జాబితాలో చేర్చింది. అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ ఆ అంచనాతో ఏకీభవించలేదు. 2018లో కోర్టు తొలిసారి భారీ పరిహారం విధించిన కేసు కూడా మందు పిచికారీ చేసిన ఒక బడి తోట ఉద్యోగిది. గిన్నెడు ఓట్స్ తిన్నవారికీ, ఏళ్ల తరబడి మందు చల్లినవారికీ ముప్పు ఒకటేనని చెప్పడం ఆ ఉద్యోగి కష్టాన్ని కూడా పలుచన చేస్తుంది.

2012లో లేబుల్‌కు వ్యతిరేకంగా డబ్బిచ్చిన క్యాంప్‌బెల్ సూప్ కంపెనీ, 2016 జనవరిలో మాట మార్చి దేశమంతటా లేబుల్ తప్పనిసరి చేయాలని కోరింది. పాత జాబితానే తిప్పేవారి దృష్టిలో ఆ కంపెనీ ఇంకా దోషే. ఏ కంపెనీ దేనికి, ఎప్పుడు డబ్బిచ్చిందో, ఏం చేస్తే దాని పేరు తీసేస్తారో పక్కనే రాయని జాబితాను చూసి దారి మార్చుకోవాల్సిన అవసరం ఏ కంపెనీకి ఉంటుంది?