కలబరి అక్షరాల కింది చుక్కలు

నైజీరియాలోని రివర్స్ రాష్ట్రంలో, నైజర్ డెల్టా తూర్పు పాయల మీద బుగుమా, అబోనెమా, బకానా ఉన్నాయి. అక్కడివాళ్ల భాష కలబరి. దీన్ని ‘ఇజా భాషలో ఒక మాండలికం’ అని రాసేయడం పరిపాటైపోయింది. ఇజా అన్నది జాతి పేరు, ఒకే భాష కాదు. పక్కనున్న బేయెల్సా రాష్ట్రంలోని ఇజోన్ భాష వింటే కలబరి మనిషికి కొన్ని మాటలు అందుతాయేమో గానీ సంభాషణ అందదు. నిజంగా దగ్గరివి ఒక్రికాలోని కిరికే, బోనీలోని ఇబానీ. ప్రపంచ భాషలకు గుర్తింపు కోడ్‌లిచ్చే ఐఎస్ఓ జాబితా మూడింటికీ మూడు కోడ్‌లిచ్చింది. పేర్లు మూడైతే నష్టం లేదు, రాత మూడు దారులు పడితేనే నష్టం.

ఇబానీ గతి చూస్తే రాతను ఒక దారిన పెట్టే తొందర ఎందుకో తెలుస్తుంది. బానిస వ్యాపారంలో బోనీకి వచ్చిపడిన ఇగ్బో జనం స్థానికులను మించిపోయారు, క్రమంగా ఊరి మాటే ఇగ్బో అయింది. అదే వ్యాపారం చేసిన పాత కలబరి పట్టణంలో మాత్రం బయటినుంచి వచ్చినవారు కలబరి నేర్చి తీరాలన్న ఒత్తిడి గట్టిగా ఉండేది. అందుకే అక్కడ భాష నిలబడింది. ఇవాళ రాష్ట్ర రాజధాని పోర్ట్ హార్‌కోర్ట్‌లో పెరిగే పిల్లల మీద అలాంటి ఒత్తిడేదీ లేదు. వాళ్లకు ఇంగ్లిష్, ఇంగ్లిష్ నుంచి పుట్టిన కలగలుపు భాష పిడ్జిన్ చాలు.

ఇక రాత సంగతి. కలబరికి తొమ్మిది అచ్చులు. ‘అ’ పోగా మిగతా ఎనిమిదీ నాలుగు జతలు: ఇ, ఎ, ఒ, ఉ ఒక్కోటీ రెండు రకాలు. నాలుక మొదలు ముందుకు జరిగితే ఒకటి, జరగకపోతే ఇంకొకటి. రెండో రకానికి రోమన్ అక్షరం కింద చుక్క పెడతారు. మామూలుగా ఒక మాటలో ఈ రెండు రకాలు కలవవు. ఇవి కాక, స్వరపేటికను కిందికి దించి గాలిని లోపలికి లాగుతూ పలికే బ, డ ఉన్నాయి. వాటికీ కింద చుక్కే. ‘కలబరి’ అన్న పేరులోని బ అదే. స్వరం, అంటే పలికేటప్పుడు గొంతు స్థాయి, హెచ్చో తగ్గో అన్నది పైన గీతతో చూపాలి.

ఫోన్‌లో ఇవన్నీ ఎగిరిపోతాయి. కాలం, కలం రెండింటినీ ఇంగ్లిష్ అక్షరాల్లో ఒకేలా టైప్ చేసే మనకు ఈ ఇబ్బంది కొత్త కాదు. ఇగ్బో కీబోర్డులో చుక్క ఇ, ఒ, ఉ దొరుకుతాయి, ఎ దొరకదు. మరో నైజీరియా భాష యొరుబా కీబోర్డులో చుక్క ఎ, ఒ ఉంటాయి, ఇ, ఉ ఉండవు. చుక్క బ, డ రెండింటిలోనూ లేవు. పైగా చుక్క ఎ మీద స్వరగీత పెట్టాలంటే కంప్యూటర్లు అక్షరాలకు వాడే యూనికోడ్ పట్టికలో ఒకే కోడ్ లేదు, గీతను విడిగా కలపాలి. ఒకరు చుక్క అక్షరాన్ని ఒకే కోడ్‌గా, మరొకరు అక్షరం, చుక్క విడివిడిగా కొడితే కంటికి తేడా తెలియదు. కానీ అక్షరాలను ఒకే రూపానికి మార్చుకోని నిఘంటువు యాప్ వాటిని రెండు మాటలుగా చూస్తుంది, వెతికితే దొరకదు.

1970ల్లో రివర్స్ రీడర్స్ ప్రాజెక్టు కే విలియమ్సన్ లాంటి భాషావేత్తల చేత ఒక్కో భాషకూ వాచకాలు తెచ్చింది. ఇప్పుడు కలబరి, కిరికే, ఇబానీ మూడింటికీ ఒకే కీబోర్డు చాలు: ఆరు చుక్క అక్షరాలు, రెండు స్వరగీతలు. వాచకాలు ఎవరివి వాళ్లే వేసుకోవచ్చు. స్వరగీతలు నిఘంటువులోనూ, అర్థం మారే చోటా పెడితే సరి. చుక్కలను మాత్రం ఎక్కడా వదలకూడదు.