ప్లాస్మా ఆరాక మిగిలేదేమిటి? ఫ్యూజన్ నిబంధనలకు అదే కొలమానం కావాలి

2020 మే 7 తెల్లవారుజామున విశాఖపట్నం శివారు ఆర్.ఆర్. వెంకటాపురంలో ఎల్జీ పాలిమర్స్ కర్మాగారం నుంచి స్టైరీన్ అనే రసాయనపు ఆవిరి వచ్చి ఇళ్లను కమ్మేసినప్పుడు ఆ కర్మాగారంలో ఉత్పత్తి జరగడం లేదు. లాక్‌డౌన్ వల్ల యంత్రాలు ఆగి ఉన్నాయి. ట్యాంకులో నిల్వ ఉన్న రసాయనమే వేడెక్కి 12 మందిని బలిగొంది. తేలికపాటి పరమాణు కేంద్రకాలను కలిపి శక్తి పుట్టించే కేంద్రక సంలీన (ఫ్యూజన్) విద్యుత్తు భద్రత గురించి ఈ నగరంలో కూర్చుని ఆలోచిస్తుంటే ఆ తెల్లవారుజామే గుర్తుకొస్తుంది. ఏ తేడా వచ్చినా ప్లాస్మా, అంటే సంలీనం జరిగే అతివేడి విద్యుదావేశ వాయువు, దానంతటదే ఆరిపోతుందన్నది ఫ్యూజన్‌ను సమర్థించేవారు అన్నిటికంటే ముందు చెప్పే మాట కాబట్టి.

ఆ మాటలో అబద్ధం లేదు. సంలీనంలో గొలుసు చర్య ఉండదు, కొలిమిలో ఏ క్షణానైనా ఉండే ఇంధనం గ్రాముల్లోనే ఉంటుంది, కోట్ల డిగ్రీల వేడిని నిలబెట్టడమే కష్టం తప్ప ఆర్పడం కష్టం కాదు. చెర్నోబిల్ తరహాలో అదుపు తప్పే అవకాశం భౌతికశాస్త్రం ప్రకారమే లేదు. అందుచేత యురేనియం రియాక్టర్ల కోసం రాసిన నిబంధనలను యథాతథంగా ఫ్యూజన్‌కు తగిలించడం సరికాదు. అయితే యంత్రం ఆగాక ఆ ప్రాంగణంలో ఏం మిగిలి ఉంటుందన్నది వేరే ప్రశ్న.

మొదట మిగిలేది ట్రీటియం. ఇది ఫ్యూజన్‌కు ఇంధనమయ్యే రేడియోధార్మిక హైడ్రోజన్ ఐసోటోపు, అర్ధాయువు 12.3 సంవత్సరాలు. వేడెక్కిన లోహపు గోడల్లోంచి కూడా ఇంకి బయటపడుతుంది, ఆక్సిజన్‌తో కలిసి నీరవుతుంది, ఆ నీటికీ మామూలు నీటికీ తేడా మన ఒంటికి తెలియదు. దాని బీటా కిరణాలను చర్మమే ఆపేస్తుంది కనుక ప్రమాదమంతా లోపలికి చేరినప్పుడే. మన దేశానికి ఇది కొత్త పదార్థం కాదు. భారజల రియాక్టర్లలో నిత్యం పుడుతూనే ఉంది. 2009 నవంబరులో కర్ణాటకలోని కైగా అణు విద్యుత్కేంద్రంలో తాగునీటి కూలరులో ట్రీటియం ఉన్న భారజలాన్ని ఎవరో కలపగా 50 మందికి పైగా సిబ్బందికి ఆ ప్రభావం సోకింది. ఇక పరిమాణం చూడండి. ఫ్రాన్స్‌లో పలు దేశాలు కలిసి నిర్మిస్తున్న ప్రయోగాత్మక ఫ్యూజన్ రియాక్టర్ ఈటర్ ప్రాంగణం మొత్తానికి నిర్దేశించిన ట్రీటియం పరిమితి 4 కిలోలు. 1,000 మెగావాట్ల సంలీన శక్తిని ఏడాది పొడవునా ఇచ్చే కేంద్రం దాదాపు 55 కిలోల ట్రీటియాన్ని తానే లిథియం నుంచి తయారుచేసుకుని, తానే ఖర్చు చేయాలి. అన్ని కిలోలు ఒకేసారి నిల్వ ఉండవు, నిజమే. కానీ ఏ రోజున ఎంత, ఏ పాత్రలో, ఏ గోడలో ఇంకి ఉందో లెక్క చెప్పగలగాలి కదా!

మిగతావి క్లుప్తంగా చెప్పవచ్చు. సంలీనంలో పుట్టే 14.1 మెగా ఎలక్ట్రాన్ వోల్టుల శక్తి గల న్యూట్రాన్లు లోపలి ఉక్కును రేడియోధార్మికం చేస్తాయి, ఆపేశాక కూడా అది కొంతకాలం వేడిని విడుదల చేస్తూనే ఉంటుంది. గోడల నుంచి రాలిన టంగ్‌స్టన్ ధూళి పోగవుతుంది. ప్లాస్మాను పట్టి ఉంచే ఈటర్ అయస్కాంతాల్లో నిల్వ ఉండే శక్తి 51 గిగాజౌళ్లు. వాటిని చల్లబరిచే ద్రవ హీలియం, నీరు తగిలితే మండే లిథియం సరేసరి.

దేశాలు తలో దారి పట్టాయి. ఫ్రాన్స్ ఈటర్‌ను పూర్తి స్థాయి అణు స్థావరంగానే గుర్తించింది. అక్కడి అణు భద్రతా సంస్థ 2022లో ప్లాస్మా ఉండే వాక్యూమ్ పాత్ర భాగాల కూర్పును ఆపించింది కూడా. బ్రిటన్ 2023 ఇంధన చట్టంతో ఫ్యూజన్‌ను అణు స్థావర లైసెన్సు పరిధి నుంచి తప్పించి పర్యావరణ, వృత్తిభద్రతా సంస్థలకు అప్పగించింది. అమెరికా అణు నియంత్రణ సంఘం అదే ఏడాది ఏప్రిల్‌లో, ఆస్పత్రుల్లో, పరిశ్రమల్లో వాడే రేడియోధార్మిక పదార్థాల చట్రంలోకే దీన్ని చేర్చాలని తీర్మానించింది. గ్రాముల్లో ట్రీటియం వాడే పరిశోధన యంత్రానికి అమెరికా పద్ధతి చాలు. కిలోల్లో వాడే విద్యుత్కేంద్రానికి చాలదనే నా అభిప్రాయం. యంత్రం పేరును బట్టి కాక, ఆగి ఉన్నప్పుడు అందులో ఉండే నిల్వను బట్టి నిబంధన బిగుసుకోవాలి.

గాంధీనగర్‌లో ప్లాస్మాను అయస్కాంతాలతో బంధించే ఆదిత్య టోకమాక్ యంత్రాన్ని 1989లోనే నడిపిన దేశం మనది, 2005 నుంచి ఈటర్ భాగస్వామి కూడా. 2025 డిసెంబరులో వచ్చిన కొత్త అణుశక్తి చట్టం ‘శాంతి’ అణుశక్తి నియంత్రణ మండలికి చట్టబద్ధ హోదా ఇచ్చింది. కనుక ఫ్యూజన్ నిబంధనల ముసాయిదాను ఇప్పుడే, ఏ సంస్థా భూమి కోసం దరఖాస్తు పెట్టకముందే, ప్రజల ముందుంచవచ్చు. అచ్యుతాపురం దగ్గర భాభా అణు పరిశోధన కేంద్రపు ప్రాంగణం, ఉత్తరాన కొవ్వాడ అణు విద్యుత్కేంద్రం ప్రతిపాదన ఉన్న ఈ తీరానికి ఆ ముసాయిదాపై అడగవలసినవి ఉన్నాయి. లైసెన్సులోనే గరిష్ఠ ట్రీటియం నిల్వను అంకెల్లో రాయాలి. పునాది తవ్వకముందే చుట్టుపక్కల బావుల్లో, సముద్రపు నీటిలో ట్రీటియం స్థాయిని కొలిచి ప్రకటించాలి, లేకపోతే తర్వాత పెరిగిందో లేదో తేల్చేదెలా? అయస్కాంతాలు, అతిశీతల వాయువులు కర్మాగారాల శాఖకు, రేడియోధార్మికత మండలికి అని పంచేసుకోకుండా, యంత్రం ఆగి ఉన్న రాత్రి విధుల్లో ఎవరుండాలో, ఊరికి కబురు ఎవరు చెప్పాలో ఒకే పత్రంలో రాసి ఉండాలి. వెంకటాపురం వాసులకు ఆ రాత్రి సైరన్ వినిపించలేదు.