షెల్‌ను మలచుకోవద్దనే సలహాలో నిజమెంత?

"షెల్‌ను మీ తీరుకు మార్చుకోకండి, రేపు ఏ సర్వర్‌లోకి వెళ్లినా డిఫాల్టే ఉంటుంది కనుక దానికే అలవాటు పడండి, ఎలియాస్‌లు స్క్రిప్టులను చెడగొడతాయి, షెల్‌ను మందగింపజేస్తాయి" అనే సలహా యూనిక్స్ నేర్చుకునేవారి మధ్య బాగా తిరుగుతోంది. షెల్ అంటే మనం టెర్మినల్‌లో కొట్టిన కమాండ్లను అందుకుని నడిపే ప్రోగ్రామ్, ఎలియాస్ అంటే కమాండ్‌కు మనం పెట్టుకునే మారుపేరు, స్క్రిప్టు అంటే వరుసగా నడిచేలా ఫైలులో రాసిపెట్టిన కమాండ్లు. కొత్తవారిని ఇది అకారణంగా భయపెడుతోంది కనుక ఒక్కో మాటనూ పరిశీలించడం అవసరం.

అన్నిచోట్లా ఒకేలా ఉండే డిఫాల్ట్ అసలు లేదు. మ్యాక్‌ఓఎస్ 2019 నాటి కాటలినాతో కొత్త ఖాతాలకు బ్యాష్ అనే షెల్ స్థానంలో జెడ్‌షెల్ ఇచ్చింది. ఉబుంటులో లాగిన్ షెల్ బ్యాషే అయినా ఎస్‌హెచ్ పేరుతో నడిచేది 2006 నుంచి డ్యాష్ అనే మరో షెల్. ఆల్పైన్ అనే చిన్న లినక్స్‌తో చేసిన కంటైనర్‌లో బ్యాష్ ముందుగా ఉండదు. బ్యాష్ తెరుచుకోగానే చదివే సెట్టింగుల ఫైలు డాట్ బ్యాష్‌ఆర్‌సీ; ఉబుంటు ఇచ్చే ఆ ఫైలే ఎల్‌ఎల్ అనే ఎలియాస్‌ను నిర్వచించి, బ్యాష్ 500గా పెట్టుకునే హిస్టరీ (కొట్టిన కమాండ్ల జాబితా) పరిమితిని 1000కి పెంచుతుంది. అంటే, మనం డిఫాల్ట్ అంటున్నది మరొకరు తమకు నచ్చినట్టు మలిచిపెట్టినదే.

స్క్రిప్టులు చెడిపోతాయన్నది పొరపాటు. బ్యాష్ స్క్రిప్టును నడిపేటప్పుడు, ప్రత్యేకంగా కోరితే తప్ప, ఎలియాస్‌లను విస్తరించదు.

మందగింపు మాత్రం నిజంగా జరుగుతుంది, అయితే దానికి కారణం ఎలియాస్‌లు కావు. షెల్ తెరిచిన ప్రతిసారీ వెర్షన్ మేనేజర్లను (ఒకే భాష వేర్వేరు వెర్షన్ల మధ్య మారేందుకు వాడే పనిముట్లను) లోడ్ చేయడం, పెద్ద కోడ్ రిపాజిటరీలో ప్రతి ప్రాంప్ట్‌కూ (కమాండ్ కొట్టేచోట షెల్ చూపే వరుసకు) గిట్ స్థితిని అడగడం వంటివి సమయాన్ని తింటాయి. వాటిని కొలిచి తీసివేయవచ్చు.

ఈ సలహా లెక్కలోకి తీసుకోనిది, మార్పుల వల్ల కలిగే రక్షణ. రెండు టెర్మినళ్లు పక్కపక్కన తెరిచి, పరీక్షల సర్వర్ అనుకుని అసలు సర్వర్‌లో సర్వీసును ఆపేసిన అనుభవం నాకుంది. ఆనాటి నుంచి, అనుమతి ఉన్నచోటల్లా, అసలు సర్వర్ ప్రాంప్ట్‌ను ఎర్రరంగులో పెట్టుకుంటున్నాను. అలాగే మార్పులేని బ్యాష్‌లో చివరగా మూసిన టెర్మినల్ తన హిస్టరీని ఫైలుపై తిరగరాస్తుంది కనుక, తక్కిన టెర్మినళ్లలో కొట్టిన కమాండ్లు పోతాయి. హిస్ట్‌అపెండ్ అనే ఒక్క ఆప్షన్‌తో అవి నిలుస్తాయి.

సర్వర్ గురించిన హెచ్చరికలో ఒక్క అంశాన్ని ఒప్పుకోక తప్పదు. ఫైళ్లను తొలగించే ఆర్‌ఎం కమాండ్‌కే, తొలగించే ముందు అడిగే ఐ ఆప్షన్‌ను ఎలియాస్‌గా తగిలించుకున్నవారు ఆ ప్రశ్న మీద ఆధారపడిపోతారు. అది లేని సర్వర్‌లో ఫైళ్లు అడగకుండానే పోతాయి. ఆ ఎలియాస్‌కు ఆర్‌ఎం కాకుండా వేరే పేరు పెట్టుకుంటే, కొత్త సర్వర్‌లో కమాండ్ లేదనే సందేశం వస్తుంది, ఫైళ్లు మాత్రం భద్రంగా ఉంటాయి.